ఖరీదైన వాచీ, దాని మారుబేరం – షరీఅత్ ఏమంటుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ముస్లిం ఇళ్లలో ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. కువైట్ నుంచో సౌదీ నుంచో సెలవు మీద వచ్చిన అబ్బాయి, లేదా బెంగళూరులో మంచి ఉద్యోగం చేస్తున్న అబ్బాయి, రెండు లక్షలో నాలుగు లక్షలో పోసి చేతి గడియారం కొంటాడు. "ఇంత ఖర్చు ఎందుకు బేటా?" అని తండ్రి అడిగితే, "ఇది ఖర్చు కాదు అబ్బా, ఎప్పుడు అమ్మినా డబ్బు వస్తుంది" అని జవాబిస్తాడు. తండ్రి ఊరుకుంటాడు. ఆ జవాబుతో సంభాషణ ముగిసిందని ఇద్దరూ అనుకుంటారు.

షరీఅత్ దృష్టిలో అసలు సంభాషణ అక్కడే మొదలవుతుంది. ఆ మాట నిజం కాకపోతే, అది దుబారాకు తొడిగిన ముసుగు. నిజమైతే, ఆ వాచీలో ఉన్న విలువ మీద ఇతరుల హక్కులు కూడా ఏర్పడతాయి. పేదవాడి హక్కు, భార్య హక్కు, అప్పిచ్చినవాడి హక్కు, రేపు కొనేవాడి హక్కు, ఎల్లుండి వారసుల హక్కు. మేము గమనించినంతలో చాలామంది విలువను ఒప్పుకుంటారు గాని, దాని వెంట వచ్చే ఈ హక్కులను ఒప్పుకోరు. ఈ పాఠంలో ఆ హక్కులనే ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

అందమైన వస్తువు నిషిద్ధమా?

కాదు. ముందుగా ఈ అపోహను తొలగించుకోవాలి. మనిషి తన దుస్తులు, పాదరక్షలు బాగుండాలని కోరుకుంటాడు కదా, ఇది కూడా గర్వమేనా అని ఒకరు అడిగినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) కాదని తెలిపారు. అల్లాహ్ సౌందర్యవంతుడనీ, సౌందర్యాన్ని ఇష్టపడతాడనీ, సత్యాన్ని తిరస్కరించడం, తోటివారిని చిన్నచూపు చూడటమే గర్వమనీ వివరించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దీనితోపాటు దివ్యఖుర్ఆన్‌లోని ఆరాఫ్ సూరా 31వ ఆయత్ మితిమీరవద్దని హెచ్చరిస్తోంది. ఫుర్ఖాన్ సూరా 67వ ఆయత్ దుబారాకూ పిసినారితనానికీ మధ్య నడిచేవారిని ప్రశంసిస్తోంది.

ఆ మధ్య మార్గం అందరికీ ఒకే రూపాయల లెక్క కాదు. జకాత్ సక్రమంగా చెల్లించి, అప్పులు లేక, బంధువుల అవసరాలు చూసుకునే వ్యాపారికి లక్ష రూపాయల వాచీ ఇస్రాఫ్ (దుబారా) కాకపోవచ్చు. కువైట్ వీసా కోసం తండ్రి పొలం తాకట్టు పెట్టి, అది ఇంకా విడిపించుకోని యువకుడికి ఇరవై వేల వాచీ కూడా ఇస్రాఫే.

ఇంకో మాట. నమాజు వేళ తెలుసుకోవడమే ఉద్దేశమైతే ఐదువందల రూపాయల బ్యాటరీ వాచీ నాలుగు లక్షల చక్రాల వాచీ కంటే మెరుగు. ఎంత గొప్ప కంపెనీదైనా స్ప్రింగు మీద నడిచే వాచీ రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ అవుతుంది. బ్యాటరీ వాచీకి అంత తేడా రావడానికి చాలా రోజులు పడుతుంది. కాబట్టి లక్షల వాచీ కొనేవాడు సమయాన్ని కొనడం లేదు. పనితనాన్ని, పేరును కొంటున్నాడు. ఆ పేరు నమాజులో కూడా మణికట్టు మీద మెరుస్తూ మనసును లాగుతుంటే, దైవప్రవక్త (స) నమాజులో తన ధ్యాస మళ్లించిన నగిషీల దుప్పటిని తీసివేసి అబూ జహమ్ (రజి)కు పంపించిన సంఘటనను గుర్తు తెచ్చుకోవాలి. ఇది హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం. సహీహ్ బుఖారీలో ఉంది.

అమ్మితే నిజంగా డబ్బు వస్తుందా?

మన ప్రాంతానికి గడియారాలు కొత్త కాదు. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల తయారీ మొదలైంది. నికాహ్ సందర్భంగా అల్లుడికి హెచ్ఎంటీ వాచీ పెట్టడం ఒక తరం పాటు మర్యాదగా సాగింది. (అడిగి పుచ్చుకున్నది కానుక కాదని వేరే చెప్పనక్కరలేదు.) 1984లో టైటాన్ సంస్థ ఏర్పడి, కుప్పం సరిహద్దు దాటితే వచ్చే కృష్ణగిరి జిల్లాలోని హోసూరులో కర్మాగారం పెట్టింది. గల్ఫ్ వెళ్లిన పెద్దలు రాడో తెచ్చుకునేవారు. 1962లో వచ్చిన దాని డయాస్టార్ రకం గీతలు పడని గట్టి లోహంతో చేసినది కనుక ఏళ్ల తరబడి కొత్తదానిలాగే కనిపించేది. వీటిని ఎవరూ మారుబేరం కోసం కొనలేదు. అరిగిపోయేదాకా పెట్టుకున్నారు, లేదా కొడుకుకు ఇచ్చారు.

మారుబేరం మాట రోలెక్స్ వంటి కొద్ది పేర్ల చుట్టూ పుట్టింది. హాన్స్ విల్స్‌డార్ఫ్ అనే వ్యాపారి 1905లో లండన్‌లో ప్రారంభించిన ఈ సంస్థ తరువాత జెనీవాకు మారింది. దాని స్టీలు వాచీల్లో కొన్ని రకాలు గిరాకీకి తగినంతగా షోరూముల్లో దొరకవు. అందుకే అవి బయట అసలు ధరకంటే ఎక్కువకు అమ్ముడయ్యాయి. 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఇలాంటి వార్తలు చదివిన కుర్రాళ్లు ప్రతి ఖరీదైన వాచీ ఇలాగే పెరుగుతుందని భావిస్తారు. అది పొరపాటు. అత్యధిక వాచీలు షోరూము గడప దాటగానే విలువ కోల్పోతాయి. పేరున్న స్విస్ కంపెనీలవైనా అంతే.

పెరిగే కొద్ది రకాలు కూడా స్థిరంగా పెరగవు. కరోనా కాలంలో పాత వాచీల ధరలు ఆకాశాన్ని అంటి, 2022 తొలి నెలల్లో శిఖరానికి చేరి, ఆ తరువాత బాగా తగ్గాయి. శిఖరం మీద కొన్నవారు నష్టపోయారు. మదనపల్లె వారికి ఈ సంగతి ఎవరో చెప్పనక్కరలేదు. 2023 జూలైలో మన టమాటా మండీలో కిలో వంద రూపాయలు దాటి పోయిన ధర సెప్టెంబరు వచ్చేసరికి ఎలా కూలిపోయిందో అందరూ చూశారు. పైగా స్విట్జర్లాండ్‌తో సహా నాలుగు దేశాలతో మన దేశం చేసుకున్న ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం దశలవారీగా తగ్గుతుంది. కొత్తది చౌక అవుతూ ఉంటే పాతదాని ధర నిలబడుతుందా? ఆలోచించవలసిన విషయం.

ఇక ఖర్చులు. స్ప్రింగు వాచీలో నూనె కొన్నేళ్లకు ఎండిపోతుంది. దాన్ని విప్పి శుభ్రం చేయించాలి. పెద్ద కంపెనీ వాచీకి ఈ ఒక్క పనికే ఒక మామూలు మంచి వాచీ వచ్చేంత సొమ్ము అవుతుంది. డబ్బా, బిల్లు, వారంటీ కార్డు లేకపోతే కొనేవాడు ధర కోస్తాడు. మెరుగు పెట్టించినా కోస్తాడు. ఎందుకంటే ప్రతి మెరుగులోనూ కొంత లోహం అరిగిపోయి అసలు అంచులు పోతాయి. దళారీ కమీషన్ వేరు. నాలుగు లక్షలకు కొన్న వాచీ ఐదేళ్లకు రెండు లక్షల నలభై వేలకు పోయిందనుకుందాం. సర్వీసుకు ముప్పై వేలు అయిందనుకుందాం. ఆ వాచీని పెట్టుకున్నందుకు అతను ఏడాదికి 38,000 రూపాయలు చెల్లించినట్లు. ఇది నష్టమేమీ కాదు, పెట్టుకున్న సుఖానికి ధర. దాన్ని పొదుపు అని పిలవడమే అబద్ధం. క్రెడిట్ కార్డు మీద వడ్డీ వాయిదాలతో కొన్నవాడి సంగతి వేరే రాయనక్కరలేదు. అక్కడ లాభనష్టాల కంటే ముందు వడ్డీ పాపం ఉంది.

పురుషులకు బంగారు వాచీ

మారుబేరంలో ధర నిలబడుతుందని కొందరు బంగారు వాచీ వైపు మొగ్గుతారు. బంగారం, పట్టు ఈ ఉమ్మత్ పురుషులకు నిషిద్ధం, స్త్రీలకు ధర్మసమ్మతం. వాచీ పెంకు గాని, పట్టీ గాని బంగారంతో చేసినదైతే పురుషుడు ధరించరాదు. స్టీలు, బంగారం కలిపి చేసిన రెండు రంగుల వాచీల్లో అంచు చట్రం, పట్టీ మధ్య ముక్కలు అసలు బంగారమే అయినప్పుడు అవి కూడా ఇదే కోవలోకి వస్తాయి. కేవలం బంగారు నీరు పూసి, కరిగించినా బంగారం విడిగా రానంత పలుచనిదైతే హనఫీ ధర్మవేత్తలు అనుమతించారు. అయినా చూసేవారికి అనుమానం కలిగించకుండా ఉండటం మంచిది.

దుబాయ్ యజమాని కానుకగా బంగారు వాచీ ఇస్తే ఏం చేయాలి? పారేయనక్కరలేదు. దైవప్రవక్త (స) ఒకసారి హజ్రత్ ఉమర్ (రజి)కు పట్టు వస్త్రం పంపించారు. పట్టు గురించి అంతకుముందు ఆయన అన్న మాటలు గుర్తుండి ఉమర్ (రజి) ఆశ్చర్యపోయి అడిగారు. ధరించడానికి కాదు, అమ్ముకుని అవసరం తీర్చుకోవడానికి పంపానని ఆయన తెలిపారు. కాబట్టి పురుషుడు ధరించరాని వస్తువు కూడా అతని సొత్తు కావచ్చు, దాన్ని అమ్మవచ్చు, ఇంట్లోని స్త్రీకి ఇవ్వవచ్చు. కాని ఆ వాచీలోని బంగారం తూకం జకాత్ లెక్కలో చేరుతుంది. హనఫీ మస్లక్‌లో స్త్రీ వాడుకునే బంగారం మీద కూడా జకాత్ ఉందన్న సంగతి మరవరాదు.

నియ్యత్ మారితే లెక్క మారుతుంది

పుంగనూరు ఆవును ఉదాహరణగా తీసుకుందాం. ఒకప్పుడు అంతరించిపోతుందనుకున్న ఈ పొట్టి జాతి ఆవుకు ఇప్పుడు లక్షల ధర పలుకుతోంది. పాల కోసం ఇంట్లో కట్టేసుకున్న ఒక్క ఆవు మీద జకాత్ లేదు, దాని ధర ఎంతైనా సరే. అదే ఆవును అమ్మి లాభం పొందాలనే కొన్నవాడికి అది మాలె తిజారత్ (వ్యాపార సరుకు). దాని ధరపై ఏటా రెండున్నర శాతం జకాత్ ఉంటుంది. ఆవు ఒక్కటే. కొన్ననాటి నియ్యత్ వేరు.

వాచీ విషయంలోనూ సరిగ్గా ఇదే సూత్రం. పెట్టుకోవడానికి కొన్న స్టీలు వాచీ మీద జకాత్ లేదు, అది ఐదు లక్షలదైనా. ధర పెరిగాక అమ్మాలనే గట్టి నియ్యత్‌తో కొని, డబ్బాలో దాచినదైతే అది వ్యాపార సరుకు. అతని జకాత్ సంవత్సరం పూర్తయిన రోజున బజారులో అది ఎంతకు అమ్ముడవుతుందో ఆ ధరను మిగతా సొమ్ముతో కలిపి లెక్కించాలి. కొన్న ధర కాదు. ఆ రోజు ధర మూడు లక్షలైతే 7,500 రూపాయలు. పెట్టుకోవడానికి కొని తరువాత అమ్మాలని మనసు మారితే, అంతమాత్రాన అది వ్యాపార సరుకు కాదు. అమ్మి చేతికి వచ్చిన డబ్బు మాత్రం జకాత్ లెక్కలో చేరుతుంది.

మధ్యలో ఒక మనిషి ఉన్నాడు. "పెట్టుకుంటాను, అవసరమైతే అమ్ముకుంటాను" అనేవాడు. ఇతని అసలు ఉద్దేశం వాడకమే కనుక జకాత్ పడదు. మొదట చెప్పిన అబ్బాయి మాటలు గుర్తు చేసుకోండి. తండ్రి ముందు అది పెట్టుబడి అన్నాడు. రమజానులో జకాత్ లెక్క వేసేటప్పుడు "అది నేను వాడుకునే వస్తువు" అంటాడు. ఒకే వాచీ ఒకచోట సరుకు, మరోచోట వాడకం కాజాలదు. ఏది నిజమో అతనికీ అల్లాహ్‌కూ తెలుసు.

జకాత్ పడకపోయినా లెక్కకు వచ్చే వాచీ

ఇది చాలా ఇళ్లలో తెలియని మసలా. హనఫీ మస్లక్‌లో జకాత్ చెల్లించే నిసాబ్ ఒకటి, జకాత్ పుచ్చుకోకుండా ఆపే నిసాబ్ మరొకటి. రెండోదానిలో ప్రాథమిక అవసరాలకు మించి పడివున్న వస్తువుల ధర కూడా కలుస్తుంది. 612 గ్రాముల వెండి ధరకు సమానమైన అలాంటి వస్తువులు ఉన్న వ్యక్తి జకాత్ పుచ్చుకోరాదు. పైగా అతనిపై సదఖతుల్ ఫిత్ర్, ఖుర్బానీ విధి అవుతాయి. మణికట్టు మీద రోజూ ఉండే వాచీ సంగతి వేరు. బీరువాలో మరో రెండు లక్షల వాచీ పడివుండగా, చేతిలో నగదు లేదని చెల్లెలి పెళ్లికి జకాత్ సొమ్ము అడిగేవాడు పేదల వాటాలో చేయి పెడుతున్నాడు. అతను ముందు ఆ వాచీని అమ్మాలి.

అప్పుల విషయం కూడా అంతే. చెల్లించే స్తోమత ఉండి అప్పు వాయిదా వేయడం దౌర్జన్యమని దైవప్రవక్త (స) హెచ్చరించారు. తన వాచీ ఎప్పుడైనా డబ్బవుతుందని చెప్పుకునేవాడు "స్తోమత లేదు" అని ఎలా అనగలడు? మెహర్ కూడా అప్పే. నికాహ్‌నామాలో రాసిన మెహర్ పదేళ్లయినా చెల్లించని భర్త చేతికి లక్షల వాచీ ఉంటే, భార్య నోరు తెరిచి అడగకపోవడాన్ని క్షమాపణగా తీసుకోరాదు.

అమ్మేటప్పుడు

అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, లోపాలను బయటపెడితే వారి బేరంలో బర్కత్ ఉంటుందనీ, దాచితే ఆ బర్కత్ చెరిగిపోతుందనీ హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించిన సంఘటన మనకు తెలిసిందే.

వాచీలో అడుగున దాచేవి ఏమిటి? డయల్‌కు కొత్తగా రంగు వేయించడం, లోపలి భాగాలు మార్పించడం, నీళ్లు దిగి ఆరబెట్టిన సంగతి చెప్పకపోవడం. 2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించాక పాత హెచ్ఎంటీలకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. దానితో పాత యంత్రానికి కొత్త రంగుల డయల్ వేసి, వేర్వేరు వాచీల భాగాలు కలిపి అమ్మే పద్ధతి విస్తరించింది. డయల్ రంగు వేసినదని చెప్పి అమ్మితే తప్పు లేదు. అసలుదని అమ్మితే అది మోసం. 'ఫస్ట్ కాపీ'ని అసలు వాచీ పేరుతో అంటగట్టడం గురించి చెప్పేదేముంది?

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) బట్టల వ్యాపారి. లోపమున్న వస్త్రాన్ని ఆ లోపం చెప్పి అమ్మమని భాగస్వామికి పురమాయించారు. అతను చెప్పడం మరచి అమ్మేశాడు. కొన్నవాడు ఎవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసేశారని చరిత్రకారులు రాశారు.

కొనేవారికి కూడా కొన్ని హక్కులున్నాయి. బేరం అయ్యాక పాత లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు ఉంది. దీన్ని ఖియారె ఐబ్ అంటారు. ఫోనులో ఫొటో చూసి కొన్నవాడికి వస్తువు కళ్లారా చూశాక రద్దు చేసుకునే హక్కు హనఫీ మస్లక్‌లో ఉంది. ఇక షోరూములో పేరు రాయించుకుని, వాచీ ఇంకా చేతికి రాకముందే మరొకరికి అమ్మేయడం చెల్లదు. తన స్వాధీనంలో లేనిదాన్ని అమ్మరాదన్నది హదీసు. కొనే ఉద్దేశం లేకుండా స్నేహితుడి చేత ఎక్కువ ధర పలికించడం కూడా నిషిద్ధమే. గల్ఫ్ నుంచి తెచ్చేవారు విమానాశ్రయంలో సుంకం అధికారికి అబద్ధం చెప్పి దాటించిన వాచీని "బిల్లు లేదు గాని అసలుదే" అని అమ్ముతారు. మొదటి అబద్ధం భారం రెండో బేరంలోనూ వెంట వస్తుంది.

తండ్రి వాచీ ఎవరిది?

తండ్రి మరణించగానే ఆయన వాచీని పెద్ద కొడుకు చేతికి పెట్టుకోవడం మన ఇళ్లలో ఆనవాయితీ. మూడు వందల రూపాయల వాచీ ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడది లక్షల సొత్తు. మరణించిన క్షణం నుంచి అది తర్కా (వారసత్వ ఆస్తి)లో భాగం. ఖననం ఖర్చులు, అప్పులు, ఏదైనా వసీయత్ ఉంటే అది పోగా మిగిలినదానిలో వారసులందరికీ వాటా ఉంది. జ్ఞాపకంగా ఉంచుకోవాలనుకునే కొడుకు ఉంచుకోవచ్చు. కాని పంపకం నాటి బజారు ధర కట్టించాలి. కొన్ననాటి బిల్లూ కాదు, "పాతది కదా, పదివేలు చేస్తుందేమో" అన్న అంచనా కూడా కాదు. ఆ వాచీ 2,40,000 చేస్తుందని తేలిందనుకుందాం. వారసులు భార్య, ఒక కొడుకు, ఒక కూతురు అనుకుందాం. భార్యకు ఎనిమిదో వంతు 30,000. మిగిలిన 2,10,000లో కొడుక్కి 1,40,000, కూతురికి 70,000. వాచీ కొడుకు తీసుకుంటే తల్లికి 30,000, చెల్లెలికి 70,000 ఇవ్వాలి, లేదా ఇతర ఆస్తిలో తన వాటా నుంచి అంతమేర తగ్గించుకోవాలి.

వాచీ విలువ ఎంతో తెలిసిన తరువాత తల్లీ చెల్లెలూ మనస్ఫూర్తిగా వదులుకుంటే అది వేరు. విలువ దాచి "నాన్న గుర్తు, నేనే ఉంచుకుంటాను" అంటే, వారు తలూపినా ఆ వాటా అతనికి ధర్మసమ్మతం కాదు. ఇక వారసుల్లో ఇంకా యుక్తవయసు రాని పిల్లవాడు ఉంటే అతను వదులుకున్నానని చెప్పినా చెల్లదు, అతని తరఫున తల్లి గాని అన్న గాని వదులుకోవడమూ చెల్లదు. అతని వాటా సొమ్ము లెక్క కట్టి, పిల్లవాడు పెద్దయ్యేదాకా అతని పేర విడిగా ఉంచాలి.